ఆరు వందల పన్నెండు దగ్గర కోత

"ఐదు గంటలకి ఆయన్ని అరెస్టు చేస్తాం," అన్నాడు చీఫ్. "నీకు అప్పటిదాకా టైముంది."

ఏజెంట్ పదిహేడు గోడ గడియారం వైపు చూశాడు. పదకొండూ పది.

చీఫ్ గదిలో కిటికీ తెర ఎప్పుడూ దించే ఉంటుంది. టేబుల్ మీద మూడు ఫోన్లు, ఒక ఫైలు, లక్క కరిగించే చిన్న దీపం. కుర్చీ వెనక గోడలో ఇనప సేఫ్. ఆ గదిలో ఏ కవరు మూసినా చీఫ్ తన చేత్తోనే లక్క సీలు వేస్తాడు. పక్కన తేదీ వేసి సంతకం పెడతాడు. తెరిచి మళ్ళీ మూసినా అంతే, కొత్త సీలు, కొత్త తేదీ, కొత్త సంతకం. పదిహేనేళ్ళుగా పదిహేడు చూస్తున్నదే.

"ఎవర్ని సార్?"

"మీ మాష్టార్ని."

మాట్లాడాల్సిన చోట కూడా మాట్లాడడని డిపార్టుమెంటులో పదిహేడుకి పేరు. కుర్చీలో కాలు మాత్రం అటు నుంచి ఇటు మార్చుకున్నాడు.

"న్యూక్లియర్ మ్యాటర్," అన్నాడు చీఫ్ ఫైలు తిప్పుతూ. "పరమాణువు గుండెలో ఉండే పదార్థం. దాన్ని రెండింతలు, ఐదింతలు నొక్కితే ఎంత గట్టిగా ఎదురు తిరుగుతుంది? ఆ లెక్కకి మీ మాష్టారు ఒక మోడల్ కట్టాడు. అలాంటిది ఇంకెవరి దగ్గరా లేదు. మొన్న ఎయిర్‌పోర్టులో ఒక సూట్‌కేసు అస్తరు కింద అందులోని పేజీ ఒకటి దొరికింది. చేతిరాత ఆయనదే."

"పేజీ చూడొచ్చా?"

"విచారణ కమిటీ దగ్గరుంది." చీఫ్ ఒక ఫోన్‌ని అంగుళం పక్కకి జరిపాడు. "పేజీ కాదు ముఖ్యం. దానికి తోడు అంకెల పట్టిక ఒకటి ఉంటుంది. అది లేకపోతే మోడల్ ఉత్త కాగితం. ముసలాయన దాన్ని ఎక్కడో దాచాడు. నువ్వు ఆయన దగ్గర నాలుగేళ్ళు రీసెర్చ్ చేశావు. ఆయన ఇంట్లో తిన్నావు. నీకైతే చెప్తాడు. పట్టిక తెచ్చి నా చేతికివ్వు, కేసు తేలిక చేయిస్తాను."

"తేలేకపోతే?"

"ఐదింటికి మేమే అడుగుతాం. మన కింది గదిలో."

కింది గదికి కిటికీ లేదు. ఆ గదిలోకి వెళ్ళిన వయసు మళ్ళిన మనిషి తన కాళ్ళ మీద బయటికి రావడం పదిహేడు ఎప్పుడూ చూడలేదు. మాష్టారికి డెబ్బై రెండు.

"అక్కడ హంస నిన్ను కలుస్తుంది," అన్నాడు చీఫ్. "విదేశీ ముఠాలో మన మనిషి. ముఠా ఆమెని వాళ్ళ మనిషే అనుకుంటోంది."

"మనమో?"

"మనం కూడా మన మనిషే అనుకుంటున్నాం."

స్టోర్సులో గుమాస్తా ఒక్కో వస్తువూ రాయించుకుని ఇచ్చాడు. కాపీ మెషీన్ మెకానిక్ యూనిఫాం. పిడిలో కెమెరా ఉన్న స్క్రూడ్రైవర్. చొక్కా గుండీలో భూతద్దం. ఒత్తు మీసం.

"స్క్రూడ్రైవర్ మూడుసార్లు నొక్కితే రెండుసార్లు పనిచేస్తుంది," అన్నాడు గుమాస్తా. "మీసం జాగ్రత్తండీ. వేరేవాళ్ళు అడుగుతున్నారు."

*

పరిశోధన సంస్థ మూడంతస్తుల పాత భవనం. మెట్ల అంచులు అరిగి మధ్యలో గుంటలు పడ్డాయి. పదిహేడు పాదాలకి ఆ గుంటలు ఇంకా గుర్తున్నాయి. చూడకుండానే ఎక్కాడు. మీసం కింద చర్మం దురద పెడుతోంది.

హంసతో కలయిక రీడింగ్ రూములో. కోడ్ చిన్నది. పత్రికల బీరువా దగ్గర నిలబడ్డ ఆవిడని ఏడో సంచిక గురించి అడగాలి. బైండింగుకి వెళ్ళిందని ఆవిడ చెప్పాలి.

ఆవిడని గుర్తుపట్టడం కష్టం కాలేదు. ఆ దుమ్ము గదిలో అలాంటి మనిషి నిలబడితే పుస్తకాలు కూడా వెనక్కి తిరిగి చూస్తాయి. బూడిదరంగు కళ్ళద్దాలు. మెడ దగ్గర సన్నని గొలుసు. చేతిలో చిన్న నల్ల సంచి. ఊరికే పేజీలు తిప్పుతోంది, ఒక్కటీ చదవడం లేదు.

"ఏడో సంచిక ఉందా అండీ?" అన్నాడు పదిహేడు.

హంస నోరు తెరిచేలోపు వెనక నుంచి జవాబొచ్చింది. "ఉందండీ. మూడో అరలో, ఎడమ పక్క."

లైబ్రేరియన్. జుట్టు ముడిలో పెన్సిల్ గుచ్చుకుని కార్డులు సర్దుతోంది. మాష్టారి కూతురు.

హంస గొంతు సవరించుకుంది. "ఏడోది బైండింగుకి వెళ్ళిందండీ."

"లేదండీ, ఇదిగో." లైబ్రేరియన్ లేచి వచ్చి సంచిక తీసి పదిహేడు చేతిలో పెట్టింది. "మేం బైండింగుకి పంపితే చీటీ పెడతాం. ఉన్న పత్రికని లేదంటే నాకు మాటొస్తుంది."

ఇద్దరు గూఢచారులూ బుద్ధిగా తలూపారు. లైబ్రేరియన్ వెనక్కి తిరుగుతూ గొంతు తగ్గించింది.

"ఇంతకీ, పదిహేనేళ్ళ కింద తీసుకెళ్ళిన పుస్తకం ఎప్పుడిస్తావు అన్నయ్యా?"

పదిహేడు చెయ్యి మీసం మీదికి వెళ్ళింది.

"అది నీకు నప్పలేదు," అంది ఆమె. "చెప్పకుండా వెళ్ళావు. నాన్న నెల రోజులు నీ కుర్చీలో ఎవర్నీ కూర్చోనివ్వలేదు. ఇప్పుడు మెషీన్లు బాగుచేస్తున్నావా?"

"పాడైతే."

"మాటలు పెరిగాయే," అని తన టేబుల్ దగ్గరికి వెళ్ళిపోయింది.

బీరువాల మధ్య సందులో హంస పౌడరు డబ్బా తెరిచింది. అద్దం వెనక వేలెడు ఫిల్ము ముక్క.

"ఎయిర్‌పోర్టులో దొరికిన పేజీ ఇదే. నా చేతుల మీదుగానే వెళ్ళింది కనక కాపీ తీశాను," అంది. "ఒకటి చెప్తాను వినండి. అది బయటికి వెళ్తూ దొరకలేదు. తిరిగి వస్తూ దొరికింది."

"ఎందుకు తిరిగొచ్చింది?"

"ముఠావాళ్ళు లెక్కల మెషీన్లో వేసి చూశారు. ఒక్కో కణానికీ పదహారు యూనిట్ల బంధం ఉంటుందట. అది అందరికీ తెలిసిన అంకె. మోడల్ సరైనదైతే అదే రావాలి. వీళ్ళకి అంకె పరిగెత్తింది. ఎంత పొడుగు కాగితం పెట్టినా సరిపోలేదట. దొంగ సరుకని తిప్పి పంపారు. అసలు పట్టిక ఇవాళ సాయంత్రం నా చేతికి రాకపోతే అమ్మినవాడి పేరు పత్రికలకి ఇస్తామన్నారు. ఐదింటికి వాళ్ళ కారు ఈ వీధిలోనే ఉంటుంది."

"అమ్మినవాడెవరు?"

"తెలీదు. ప్యాకెట్ స్టేషన్ లాకర్లో ఉంటుంది. తీస్తాను, అందిస్తాను."

"మిమ్మల్ని నమ్మొచ్చా?"

హంస డబ్బా మూసింది. "మీ మీసం ఎడమ పక్క ఊడుతోంది. శత్రువైతే చెప్పేదాన్నా?"

పదిహేడు కిటికీ వెలుగుకి ఫిల్ము ఎత్తి, గుండీలోని భూతద్దం కంటికి ఆనించాడు. మాష్టారి చేతిరాతే, కానీ గీతల్లో వేగం లేదు. ఒక్కో అక్షరం ఆగి ఆగి గీసినట్టుంది. దిద్దిన రాత. సమీకరణాలు దిగుతూ దిగుతూ కుడి మూలన ఒక అంకె దగ్గర ఆగాయి.

ఆరు వందల పన్నెండు.

పదిహేడు ఆ మూలని ఇంకోసారి చదివాడు.

ఈ రకం లెక్కల్లో మొదటి రోజే నేర్పే సంగతి ఒకటుంది. ఏ కణమూ లేని శూన్యం తాలూకు వాటా కలుపుతూ పోతే మొత్తం ఎక్కడా ఆగదు, అనంతానికి పోతుంది. అందుకని ఎక్కడో ఒక చోట కోస్తారు. దాన్ని కటాఫ్ అంటారు. కోసినందుకు సరిపడా ఇంకో అంకె చేర్చి లెక్క నిలబెడతారు. అది కౌంటర్ టర్మ్. మాష్టారు దీన్ని బావి తాడుతో చెప్పేవారు. తాడు ఎంత పొడుగైనా ఫరవాలేదు, చేతిలో మిగిలిన ముక్క తీసేస్తే బావి లోతు అందరికీ ఒకటే వస్తుంది. ఒకడి తాడులోంచి ఇంకొకడి చేతిలో మిగిలిన ముక్క తీసేస్తే మాత్రం ఆ బావికి అడుగు దొరకదు.

ఎక్కడ కొయ్యాలన్నది ఎవరిష్టం వాళ్ళది. అందుకే ప్రతివాడికీ ఒక అలవాటైన చోటు ఉంటుంది. ఒకసారి కుదిరిన అంకెని జన్మలో వదలరు.

మాష్టారిది ఐదు వందల యాభై. ఆరు వందల పన్నెండు దగ్గర కోసిన మనిషి ఈ భవనంలో ఒక్కడే ఉండేవాడు. ఆ ఒక్కడూ ఇప్పుడు అద్దె మీసంతో కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు.

*

మాష్టారి గదిలో నల్లబల్ల గోడంత ఉంది. ఆయన దానికి ముక్కు ఆనించినంత దగ్గరగా నిలబడి ఉన్నారు. చూపు తగ్గింది. చేతిలో చెక్క డస్టరు.

"మెషీను పక్క గదిలో," అన్నారు తిరగకుండా. పదిహేడు రెండడుగులు వేశాడు. "ఆగు. ఆ నడక నాకు తెలుసు. మీసం ఎంతసేపట్నుంచి?"

"పొద్దుట్నుంచి మాష్టారూ."

"తీసెయ్. దాంతో నీ నుదుటి మచ్చ పోతుందా ఏం." ఆయన డస్టరు చూపించారు. ఆ మచ్చ డస్టరుదే. వెనక బెంచీలో కునుకు తీసిన పాపానికి. "క్లాసుకి ఒకటి చొప్పున నలభై ఏళ్ళు విసిరాను. ఒక్కటి గురి తప్పలేదు. ఎందుకొచ్చావు?"

పదిహేడు ఉన్నదున్నట్టు చెప్పాడు. ఐదు గంటలు. కింది గది. పట్టిక.

"పట్టికా?" మాష్టారు అదోలా నవ్వారు. "నా ఫార్ములాలు ఎలా పోయాయి?"

"ఈ మధ్య మీ సొరుగు ఎవరైనా తెరిచారా?"

"రెండు నెలల కింద మీవాళ్ళే. సెక్యూరిటీ ఆడిట్ అన్నారు. ఫోటోలు తీసుకున్నారు. అంకెల చోట్లు ఖాళీగా ఉన్నాయేమని మీ పెద్దమనిషి ఒకటికి రెండుసార్లు అడిగాడు కూడా. నేను కాగితం మీద అంకెలు రాయనయ్యా అన్నాను."

పదిహేడు ఫిల్మూ భూతద్దమూ ఇచ్చాడు. మాష్టారు చాలాసేపు చూశారు.

"ఫార్ములాలు నావి. కోత నీది. కౌంటర్ టర్ములు కూడా నీ పాత నోటుపుస్తకంలోవే. నీ మోడల్‌లో మూడు కణాలు, నా దాంట్లో నాలుగు. ఈ రెండూ కలిపి కుడితే అనంతం రాకేం చేస్తుంది? ఎవడో అంకెలన్నీ ఒకటే అనుకున్నాడు." ఆయన తలెత్తారు. "నీ నోటుపుస్తకం ఎక్కడుంది?"

పదిహేడు ఉద్యోగంలో చేరిన రోజు అంతకుముందు రాసినవన్నీ అప్పగించాలన్నారు. అప్పగించాడు. కళ్ళ ముందే కవర్లో పెట్టి లక్క వేశారు. మళ్ళీ చూడలేదు.

"చీఫ్ సేఫ్‌లో," అన్నాడు.

గదిలో గడియారం టిక్కు టిక్కుమంటోంది. మూడూ నలభై.

"అయితే పట్టిక కావాల్సింది కేసు కోసం కాదన్నమాట," అన్నారు మాష్టారు నెమ్మదిగా.

"మీరు గది తలుపు వేసుకోండి. నేను రాకుండా ఎవరితోనూ వెళ్ళకండి."

"ఒరేయ్." పదిహేడు గుమ్మం దగ్గర ఆగాడు. "ఆరు వందల పన్నెండే ఎందుకని నాలుగేళ్ళు అడిగాను. ఒక్కసారీ చెప్పలేదు నువ్వు."

పదిహేడు అప్పుడూ చెప్పలేదు.

*

బస్సు ప్రతి స్టాపులోనూ ఆగింది. ఒక స్టాపులో ఎవరూ ఎక్కలేదు, ఎవరూ దిగలేదు, అయినా ఆగింది. పదిహేడు సీటు అంచున కూర్చుని గోళ్ళు కొరుక్కున్నాడు. ఆ అలవాటు మానేసి పదేళ్ళయింది.

చీఫ్ కారు ఆఫీసు గేటు దాటడం చూశాకే లోపలికి వెళ్ళాడు. నాలుగూ పదిహేడు. సేఫ్ నంబరు అతనికి ఎవరూ చెప్పలేదు. కానీ పదిహేనేళ్ళు ఎదురుగా కూర్చుని, ఆ భుజం ఎటు ఎన్నిసార్లు కదులుతుందో చూశాడు. కుడికి నాలుగు. ఎడమకి తొమ్మిది. మళ్ళీ కుడికి రెండు. తలుపు తెరుచుకుంది.

రెండో అరలో తన పేరున్న కవరు. దాని మీద లక్క సీళ్ళు రెండు ఉన్నాయి. మొదటిది విరిగి ఉంది. రెండోది కొత్తది. పదిహేడు దాన్ని తెరవలేదు. తేదీ చదివి చొక్కాలో దోపుకున్నాడు.

తిరుగు ప్రయాణంలో బస్సు ఎక్కలేదు. పరిగెత్తాడు.

*

గదిలోకి వచ్చేసరికి మాష్టారి రెండు చేతులూ ముందుకు చాచి ఉన్నాయి. సుద్ద అంటిన వేళ్ళు. కమిటీ నుంచి వచ్చిన ఇద్దరు అధికారుల్లో చిన్నవాడు జేబులోంచి బేడీలు తీస్తున్నాడు. పెద్దవాడి చంకలో ఫైలు. చీఫ్ నల్లబల్ల పక్కన నిలబడి ఉన్నాడు. గుమ్మం దగ్గర కూతురు. గొడవ విని ఆమె వెనకే హంసా వచ్చింది.

"ఎక్కడికి నాన్నని తీసుకెళ్తున్నారు? ఆయనకి మెట్లు కనపడవు," అంటోంది కూతురు.

"పట్టిక దొరికిందా?" అన్నాడు చీఫ్ పదిహేడుతో.

"ఒక్క మాట సార్." పదిహేడు పెద్ద అధికారి వైపు తిరిగాడు. "మీ దగ్గరున్న పేజీలో కుడి మూల అంకె ఎంత?"

అధికారి ఫైలు తిప్పాడు. "ఆరు వందల పన్నెండు."

"మాష్టారు నలభై ఏళ్ళలో అచ్చేసిన ఏ పేపరైనా తీయండి. ఐదు వందల యాభై ఉంటుంది. ఆరు వందల పన్నెండు ఆయనది కాదు. నాది."

చీఫ్ ఒక్క క్షణం తడబడ్డాడు. వెంటనే సర్దుకున్నాడు. "విన్నారుగా. వాడి నోటితో వాడే ఒప్పుకున్నాడు. ముసలాయన్ని వదలండి. వీణ్ణి పట్టుకోండి."

బేడీలు మాష్టారి దగ్గర్నుంచి పదిహేడు దగ్గరికి వచ్చాయి. ఎడమ చేతికి ఒకటి పడింది కూడా. కుడిచేత్తో పదిహేడు చొక్కాలోంచి కవరు తీశాడు.

"ఆ అంకె నేను రాసిన పుస్తకం ఇందులో ఉంది. పదిహేనేళ్ళుగా చీఫ్ సేఫ్‌లో ఉంది. సీళ్ళు మీరే చదవండి."

పెద్ద అధికారి కళ్ళజోడు సరిచేసుకున్నాడు. "మొదటి సీలు పదిహేనేళ్ళ కిందటిది. విరిగింది. రెండోది..." ఆగాడు. "రెండు నెలలైంది. రెండింటి మీదా సంతకం ఒకటే. మీదే సార్."

అతను సీలు విప్పాడు. నోటుపుస్తకంతో పాటు మాష్టారి సొరుగు ఫోటోలు జారాయి. వాటి వెనక పలచని ట్రేసింగ్ కాగితం. దాని మీద మాష్టారి చేతిరాత, ఆగి ఆగి గీసింది.

దొంగ పని చేస్తూ కూడా ఆఫీసు అలవాటు తప్పని మనిషి చీఫ్. ఆ సంతకం తన చేత్తోనే పెట్టానని అతనికి ఇప్పుడే గుర్తొచ్చినట్టుంది. కిందనుంచి కారు హారన్ వినిపించింది. రెండుసార్లు. చీఫ్ చేతిలోకి పిస్తోలు ఎప్పుడు వచ్చిందో ఎవరూ చూడలేదు. దాని గొట్టం మాత్రం కూతురి మెడ దగ్గరుంది.

"అంకెలు," అన్నాడు మాష్టారితో. "బల్ల మీద రాయండి. అన్నీ."

మాష్టారు కూతురి వైపు చూశారు. ఆ దూరం నుంచి ఆయనకి ముఖం కనపడి ఉండదు. అయినా చూశారు. తర్వాత సుద్ద తీసుకుని మూడు వరుసలు రాశారు. అరవై ఏళ్ళ రాతలో ఆ చెయ్యి అంత నెమ్మదిగా ఎప్పుడూ కదిలి ఉండదు.

"ఇంతేనా?"

"ఇంతే."

చీఫ్ ఎడమ చేత్తో జేబులోని కెమెరా పెన్ను తీసి బల్లకి గురిపెట్టి మూడుసార్లు నొక్కాడు. ఇది స్టోర్సు సరుకు కాదు, మూడుసార్లూ పనిచేసింది. "హంసా, తీసుకో. ఇన్నాళ్ళూ నువ్వు మోసిన ప్యాకెట్లన్నీ నావే. ఇది చివరిది. కారు కింద ఉంది."

హంస వచ్చి పెన్ను అందుకుంది. బూడిదరంగు కళ్ళద్దాల వెనక ఏముందో పదిహేడుకి అంతుపట్టలేదు. అతని ఎడమ చేతికి బేడీ వేలాడుతోంది. ఇంత దూరం నుంచి ఏం చేసినా ఆలస్యమే అవుతుంది.

ఆమె కిటికీ దగ్గరికి నడిచింది. పెన్ను మూత తిప్పింది. వెలుగు సోకితే పాడయ్యే ఫిల్ము చుట్టంతా లాగి ఎండలో పరిచింది, తడి జుట్టు ఆరబెట్టినట్టు.

"ఇన్నాళ్ళూ ఎవరి సంచి మోస్తున్నానో తెలీక చచ్చాను," అంది. "ఇప్పుడు తెలిసింది."

పిస్తోలు కూతురి మెడ వదిలి ఆమె వైపు తిరిగింది. అది సగం తిరిగేలోపే గాలిలో ఏదో రివ్వుమంది. ఠప్పుమని చప్పుడు. సుద్ద పొడి మేఘంలా లేచింది. పిస్తోలు నేల మీద పడింది. చీఫ్ మణికట్టు పట్టుకుని వంగిపోయాడు. పక్కనే చెక్క డస్టరు.

"ఎవరికి తగిలింది?" అన్నారు మాష్టారు కళ్ళు చిట్లించి.

"తగలాల్సిన వాడికే నాన్నా," అంది కూతురు. నడిచి వచ్చి ఆయన మోచెయ్యి పట్టుకుంది.

*

ఇద్దరు అధికారులూ చీఫ్‌ని తీసుకెళ్ళారు. పదిహేడు చేతి బేడీ విప్పడానికి చిన్నవాడు మళ్ళీ వెనక్కి రావాల్సి వచ్చింది. కింద కారు ఇంకోసారి హారన్ కొట్టి, ఎవరూ దిగకపోవడంతో వెళ్ళిపోయింది. దాని నంబరు హంస దగ్గర రెండు నెలలుగా ఉంది. రెండో కూడలిలో పోలీసులు కాచుకుని ఉన్నారు.

హంస బల్ల ముందు నిలబడి ఆ మూడు వరుసలూ చూసింది. "ఇవి నిజమైనవేనా అండీ?"

"పిల్ల మెడ మీద తుపాకీ పెడితే అబద్ధం రాయడానికి చెయ్యాడలేదమ్మా. నిజమైనవే."

"మీ మోడల్లో కణాలు నాలుగు కదా మాష్టారూ," అన్నాడు పదిహేడు. "నాలుగో వరుసేది?"

మాష్టారు డస్టరు దులుపుకున్నారు.

"ఏం రాయను? నాలుగోది ఇంకా అనంతానికే పోతోంది. ఆరేళ్ళుగా ఎక్కడ కోసినా నిలవడం లేదు. పట్టికా లేదు గిట్టికా లేదు. అందుకే కదరా అంకెలు రాయనిది."

హంస నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగింది. కూతురు కుర్చీలో కూలబడింది. కిటికీ పక్కనున్న ఆ కుర్చీ పదిహేనేళ్ళ కింద పదిహేడుది.

"ఇప్పుడైనా చెప్పు," అన్నారు మాష్టారు సుద్దముక్క అతని చేతిలో పెడుతూ. "నీ థీసిస్ ముందేసుకుని మూడు వారాలు ఆలోచించాను. సిమ్మెట్రీ ఏదో ఉందనుకున్నాను. ఆరు వందల పన్నెండు దగ్గరే ఎందుకు కోశావు?"

పదిహేడు సుద్దముక్కని అటూ ఇటూ తిప్పాడు. ఊడిన మీసం జేబులో ఉంది, దాన్ని తిరిగి ఇవ్వాలని గుర్తొచ్చింది.

"లెక్కల మెషీను ఆ అంకె దగ్గరికి వచ్చేసరికి కరెంటు పోయింది మాష్టారూ."